మళ్ళీ తలుపు గుద్దుకుంది

నెల రోజుల పాటు ఆ పాటను నేను హుషారు పాటగానే విన్నాను. అప్పట్లో న్యూజెర్సీ రాష్ట్రంలో, జెర్సీ సిటీలో ఉండేవాణ్ణి. రోజూ పొద్దున ‘పాత్’ అనే లోకల్ రైలెక్కి మన్‌హాటన్‌లో ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. ఎనభైల నాటి ఇంగ్లీషు పాటల ప్లేలిస్టు ఒకటి పెట్టుకుని, కమ్మీ పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాణ్ణి. సుజాన్ వేగా పాడిన ‘లూకా’ వచ్చిందంటే కాలు దానంతటదే తాళం వేసేది. తేటగా మోగే గిటారు, ఎక్కడా గొంతు పెంచని గాయని. ఎవరో లూకా అట, రెండో అంతస్తులో ఉంటాడట, తనను తాను పరిచయం చేసుకుంటున్నాడు. మంచిదే. ఇంగ్లీషు పాటల్లో మొదటి రెండు లైన్లు దాటాక మాటలు వదిలేసి ట్యూన్ పట్టుకుని పోవడం నాకు అలవాటు.

ఒక సాయంత్రం ఇంటికి వస్తుంటే రైలు స్టేషన్లోనే ఆగిపోయింది. ఏదో సిగ్నల్ సమస్య. పనేమీ లేక ఫోన్లో మాటలు చూస్తూ అదే పాట విన్నాను. నాలుగు నిమిషాలు కూడా ఉండదు. అయ్యేసరికి ఇయర్‌ఫోన్లు తీసి జేబులో పెట్టుకున్నాను. నెలరోజులుగా నేను దేనికి తాళం వేస్తున్నానో అప్పుడు తెలిసింది.

వినని వాళ్ళ కోసం పాటలో ఏముందో చెప్తాను. లూకా అనే పిల్లాడు కింది వాటాలో ఉండే మనిషితో మాట్లాడుతున్నాడు. మీ పైనే ఉంటాను, మీరు నన్ను చూసే ఉంటారు అంటాడు. రాత్రి పొద్దుపోయాక ఏదైనా గొడవ వినిపిస్తే అదేమిటని నన్ను మాత్రం అడగొద్దు అంటాడు. ఆ మాట ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత కారణాలు వెతుక్కుంటాడు: నాకు నిదానం లేదేమో, నాకు పిచ్చేమో, గట్టిగా మాట్లాడకుండా ఉండాలనే చూస్తాను. ఏడ్చేదాకానే కొడతారు, ఆ తర్వాత ఎందుకని అడగడం మానేస్తాం అంటాడు. చివరి చరణంలో, బాగానే ఉన్నాను, మళ్ళీ తలుపు గుద్దుకున్నాను, మీరు అడిగితే అదే చెప్తాను, అయినా ఇది మీకు సంబంధం లేని విషయం అంటాడు. అంతే. ఎవరూ వచ్చి కాపాడరు, ఎవరూ చచ్చిపోరు. మొదటి చరణం తిరిగి వస్తుంది, అంటే మళ్ళీ రాత్రయిందన్న మాట.

ఈ పాట గురించి మాట్లాడేవాళ్ళు దాదాపు అందరూ చెప్పేది ఒకటే. తియ్యటి ట్యూన్‌లో చేదు నిజాన్ని దాచారు, మాత్రకి చక్కెర పూత పూసినట్టు, అని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇప్పుడు ఒప్పుకోను. అసలు దాచిందేముంది? మాటలు స్పష్టంగా ఉన్నాయి. కొడతారు అనే ఉంది. పాట పేరే ఆ పిల్లాడి పేరు. 1987లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మూడో స్థానం దాకా వెళ్ళింది, గ్రామీలకి నామినేట్ అయింది, రేడియోల్లో మోగిపోయింది. అంత బహిరంగంగా ఉన్న దాన్ని దాచారనడం ఏమిటి? నాలాంటి వాళ్ళు కాలితో తాళం వేస్తూ వినలేదు, అంతే. విన్న మాట విననట్టు ఉండిపోయినవాడు, ‘దాచారు’ అంటే కాస్త తేలిక పడతాడు.

పైగా ఆ పాటలో దెబ్బలు తినే పిల్లాడి బొమ్మ ఎంత ఉందో, కింది వాటాలో ఉన్న మనిషి బొమ్మ అంతకంటే ఎక్కువ ఉంది. నా వాదనంతా ఇదే. ఆ మనిషి ఒక్క మాటైనా మాట్లాడడు. అయినా పాట మొత్తం అతని కోసమే.

రెండో అంతస్తు అంటే అమెరికా లెక్కలో మనం ఫస్ట్ ఫ్లోర్ అనేది. కాబట్టి వినేవాడు సరిగ్గా వీధి గుమ్మం ఉండే అంతస్తులో ఉన్నాడు. పిల్లాడు బడికి పోయినా, ఆడుకోవడానికి పోయినా ఆ తలుపు ముందు నుంచే పోవాలి. అందుకే ‘మీరు నన్ను చూసే ఉంటారు’ అనడంలో మర్యాదతో పాటు ఒక నిలదీత కూడా నాకు వినిపిస్తుంది. చూశారని నాకు తెలుసు అంటున్నాడు వాడు. ఆ వెంటనే ఆ పెద్దమనిషి ఇబ్బంది పడకుండా దారి కూడా చూపిస్తున్నాడు: అడగకండి, చాలు. మెట్ల మీద ఎదురైతే ఏం మాట్లాడాలో తెలియక నలిగిపోయే పెద్దవాడికి, ఏమీ మాట్లాడక్కర్లేదని చెప్పి పంపించేస్తున్నాడు. ఇద్దరిలో ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో చూడండి.

కొట్టే ఇంట్లో బాల్యం గురించి ఈ పాట చెప్పేదాంట్లో నన్ను ఎక్కువ పట్టుకున్నది దెబ్బల సంగతి కాదు, ఆ పిల్లాడు చేసే పని. వాడికి చేతినిండా పని. తన గొంతు ఎంత స్థాయిలో ఉండాలో కొలుచుకోవాలి. తాను మరీ మిడిసిపడుతున్నట్టు కనపడకుండా చూసుకోవాలి. బయటివాళ్ళకి చెప్పాల్సిన కథ ముందే సిద్ధం చేసుకుని, అడక్కముందే అప్పజెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్ళ కోపాన్నీ, బయట పెద్దవాళ్ళ మొహమాటాన్నీ రెండు చేతులా మోయాలి. వాడికి కావలసిందేమిటో ఒక్కచోటే చెప్తాడు. ప్రేమ అడగడు, అమ్మ ఒడి అడగడు. ఒంటరిగా ఉండాలనుంది అంటాడు, ఏదీ పగలకుండా, ఎవరూ ఏదీ విసరకుండా. పిల్లల కోరికల్లో ఇంత చిన్న కోరిక నేను ఇంకెక్కడా వినలేదు.

ఇక తలుపు సంగతి. తలుపు గుద్దుకున్నాను అంటే నమ్మొచ్చు, పిల్లలన్నాక దెబ్బలు తగులుతూనే ఉంటాయి. కానీ వాడు ‘మళ్ళీ’ అన్నాడు. ఆ ఒక్క మాటతో కట్టుకథ మొత్తం కూలిపోతుంది. నోరు జారిందా, కావాలనే అన్నాడా? కావాలనే అన్నాడని నేననుకుంటాను. పై నుంచి తాడు చివర కిందికి వదిలి, పట్టుకుంటారో లేదో చూస్తున్నట్టుగా ఉంటుంది ఆ ‘మళ్ళీ’.

ఈ తలుపు కథ వైద్యులకి అర్థం కావడానికి కూడా చాలా కాలం పట్టింది. 1946లో జాన్ కాఫీ అనే రేడియాలజిస్టు, మెదడు చుట్టూ రక్తం గడ్డకట్టిన కొందరు పసిపిల్లల్లో చేతులూ కాళ్ళూ ఎముకలు కూడా విరిగి ఉన్నాయని, అవి వేరువేరు సమయాల్లో విరిగినవని రాశాడు. ఎందుకు విరిగాయన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. 1962లో డెన్వర్‌లో పనిచేసే పిల్లల డాక్టరు హెన్రీ కెంపీ, మరి కొందరు కలిసి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వ్యాసం రాసి దానికి ఒక పేరు పెట్టారు, దెబ్బలు తిన్న బిడ్డ లక్షణాలు అని అర్థం వచ్చేలా. అందులో డాక్టర్లకి చెప్పిన ఒక ముఖ్యమైన గుర్తు ఏమిటంటే, ఒంటి మీద కనిపించే గాయానికీ ఇంటివాళ్ళు చెప్పే కథకీ పొంతన కుదరకపోవడం. ఆ వ్యాసం వచ్చిన ఐదారేళ్ళలోనే అమెరికాలో అన్ని రాష్ట్రాలూ, అనుమానం వస్తే డాక్టర్లు రిపోర్టు చేసి తీరాలని చట్టాలు చేశాయి. తలుపు గుద్దుకుందన్న మాటను నమ్మడం మానెయ్యడానికి చదువుకున్న వాళ్ళకే అంత కాలం పట్టింది.

మళ్ళీ పాటలోకి. ఏడ్చేదాకానే కొడతారు అనే లైను దగ్గర ఒక చిన్న సంగతి ఉంది, ఇంగ్లీషులో అయితేనే తెలుస్తుంది. అప్పటిదాకా ‘నేను, నేను’ అంటున్న పిల్లాడు ఆ లైను రాగానే ‘నువ్వు’ అంటాడు. నువ్వు ఏడ్చేదాకా కొడతారు, ఆ తర్వాత నువ్వు అడగవు. అందరికీ వర్తించే నియమం చెప్తున్నట్టు. బాగా నొప్పి ఉన్న చోట తనను తాను పక్కకి జరిపేసుకున్నాడు. కొట్టేవాళ్ళు కూడా ఉత్త ‘వాళ్ళు’. అమ్మో, నాన్నో, మరెవరో పాటలో ఎక్కడా లేదు. ఈ లైనును ఒకసారి తెలుగులో పెడదామని కూర్చున్నాను. ‘ఏడ్చేదాకానే కొడతారు.’ రెండే మాటలు. ఎవరు కొడతారు, ఎవరు ఏడుస్తారు, రెండూ ఎగిరిపోయాయి. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు, మనం రోజూ అలాగే మాట్లాడతాం. ఇంగ్లీషులో పక్కకి జరిగిన పిల్లాడు మన భాషలో పూర్తిగా మాయమైపోయాడు. అనువాదం అక్కడే ఆపేశాను.

వేగా ఈ పేరు తను ఉండే బిల్డింగ్‌లో ఆడుకునే ఒక పిల్లాడి నుంచి తీసుకుందట. ఆ పిల్లాడు దెబ్బలు తినేవాడేమీ కాదు, మిగతా పిల్లల నుంచి కాస్త ఎడంగా ఉండేవాడు, అంతేనని ఆవిడే చెప్పింది. ఈ వివరం నాకు నచ్చింది. ఒక పిల్లాణ్ణి కాసేపు నిలబడి చూసిందన్న మాట.

అదే 1987లో, అదే న్యూయార్క్ రాష్ట్రం నుంచి ఇంకో పాట వచ్చింది. టెన్ థౌజండ్ మానియాక్స్ అనే బృందం పాడిన ‘వాట్స్ ద మ్యాటర్ హియర్’. గాయని నాటలీ మర్చంట్. ‘లూకా’ ఎంత పేరు తెచ్చుకుందో ఇది అంత తెచ్చుకోలేదు. నన్నడిగితే రెండూ ఒకదాని వెంట ఒకటి వినాలి. ఎందుకంటే ఇందులో మాట్లాడేది ఇరుగుపొరుగు మనిషి. ఒక ఇంట్లో పిల్లాణ్ణి ఏం చేస్తున్నారో ఆమెకి తెలుసు. చూస్తుంది, వింటుంది, రగిలిపోతుంది. వాళ్ళ పిల్లాడు, వాళ్ళిష్టం, మనకెందుకు అనే సాకులు విని విసిగిపోయానంటుంది. నీకీ హక్కు ఎవరిచ్చారని అడగాలనుకుంటుంది. కానీ అడగదు. అడిగే ధైర్యం లేదని పాటలోనే ఒప్పుకుంటుంది. లూకా పై అంతస్తు నుంచి ‘అడగొద్దు’ అంటుంటే, కింది మనిషి ‘అడగలేను’ అంటోంది. రెండు పాటలు రాసినవాళ్ళు కూడబలుక్కున్నారని కాదు. ఒక మెట్లవరసకి రెండు చివర్లూ ఒకే ఏడాది పాటలయ్యాయి, అంతే. చిత్రంగా ఈ పాట ట్యూన్ కూడా హాయిగానే ఉంటుంది.

తర్వాత ఇదే విషయం మీద వచ్చిన ‘కాంక్రీట్ ఏంజెల్’ కూడా విన్నాను. మార్టినా మెక్‌బ్రైడ్ పాడింది. బాగా పాడింది, నాకూ కళ్ళు చెమర్చాయి. కానీ అందులో పాప చనిపోతుంది, దేవదూత అవుతుంది. చనిపోయిన బిడ్డ కోసం ఏడవడం మనకి వచ్చు. రేపు పొద్దున మెట్ల మీద ఎదురయ్యే బిడ్డతో ఏం చెయ్యాలో రాదు. ఈ ఒక్క విషయంలో ‘లూకా’ ముందు ఆ పాట నిలవదు.

ఇరుగుపొరుగు అనేది ఈ కథల్లో మొదటి నుంచీ ఉంది. న్యూయార్క్‌లోనే, 1874లో మేరీ ఎలెన్ విల్సన్ అనే పదేళ్ళ పాప కేసు జరిగింది. అమెరికాలో పిల్లల రక్షణ చరిత్ర రాసేవాళ్ళు మామూలుగా అక్కడి నుంచే మొదలుపెడతారు. జంతువుల రక్షణ చట్టం కింద ఆ పాపని కాపాడారని చాలామంది చెప్తారు గానీ అది నిజం కాదు. జంతు సంరక్షణ సంఘం పెట్టిన హెన్రీ బెర్గ్ పూనుకున్నాడు, అతని లాయరు ఎల్బ్రిడ్జ్ గెర్రీ కోర్టుకి వెళ్ళాడు, అంతవరకే. నాకు ముఖ్యమనిపించేది దానికి ముందు జరిగింది. ఆ ఇంటి పక్క గదిలో ఒక జబ్బు మనిషి ఉండేది. మంచం మీంచి లేవలేని స్థితి. గోడ అవతల పాప ఏడుపు విని, ఆ పేటలో పేదల ఇళ్ళకి వచ్చిపోయే ఎట్టా వీలర్ అనే ఆవిడతో ఈ సంగతి చెప్పింది. వీలర్ ఏం చేసిందంటే, పక్కింటావిడకి ఒంట్లో బాగాలేదు, కాస్త చూసి పెడతారా అని అడిగే వంకతో ఆ తలుపు కొట్టింది. లోపల పాపని చూసింది. దెబ్బల గుర్తులు చూసింది. కోర్టులో ఆ పాప చెప్పిన మాటలు రికార్డులో ఉన్నాయి. పెంచిన ఆవిడ దాదాపు రోజూ కొట్టేదని, తనని ఎవరైనా ముద్దు పెట్టుకున్న గుర్తు లేదని, ఎందుకు కొట్టేవారో తనకి తెలియదని, కొట్టేటప్పుడు ఏమీ చెప్పేది కాదని. ‘ఎందుకని అడగడం మానేస్తాం’ అని లూకా అనడానికి నూట పదమూడేళ్ళ ముందు. ఆ పాపని పెంచిన స్త్రీకి ఏడాది జైలు పడింది. తర్వాత ఆ పాప వీలర్ చుట్టాల దగ్గర పెరిగి, పెళ్ళి చేసుకుని, తొంభై ఏళ్ళు దాటి బతికింది.

అయితే చెవిన పడ్డ ప్రతి కథా ఇలా ముగియదు. ‘లూకా’ రేడియోలో మోగిన 1987లోనే, నవంబరులో, న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఆరేళ్ళ పాప దెబ్బలకి చనిపోయింది. పెంచినవాడు లాయరు. డబ్బూ చదువూ ఉన్న ఇల్లు. ఆ ఇంట్లోంచి వచ్చే గొడవలు చుట్టుపక్కల వాళ్ళకి తెలుసు. ఫిర్యాదులు చేసినవాళ్ళు కూడా ఉన్నారు. అయినా పాప దక్కలేదు. కాబట్టి అధికారులకి ఫోన్ చేస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయని నేను చెప్పబోవడం లేదు.

ఇంకో అభ్యంతరం కూడా ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యను. అమెరికాలో ఇలాంటి ఫోన్ కాల్స్ అన్ని ఇళ్ళ మీదా ఒకేలా పడవు. పేదవాళ్ళ ఇళ్ళూ, నల్లవాళ్ళ ఇళ్ళూ ఎక్కువగా తనిఖీలకి గురవుతాయి. వలస వచ్చినవాళ్ళకి వీసా భయం, పిల్లల్ని తీసుకుపోతారన్న భయం. పిల్ల ఆటలో అరిచిన అరుపుకి ఎవరో ఫోన్ చేస్తే, ఇంటికి వచ్చి ఫ్రిజ్ తెరిచి చూసేదాకా పోతుంది. ఇవన్నీ నిజాలే. నా చుట్టూ ఉన్న మనవాళ్ళలో ఈ టెన్షన్ ఎంత ఉంటుందో నాకు తెలుసు. కానీ ఈ వాదనని నేను ఎప్పుడు తెలుసుకున్నానా అని ఆలోచిస్తే సిగ్గేస్తుంది. ఊరుకున్నాక తెలుసుకున్నాను. ఊరుకున్న రోజున నా బుర్రలో ఇవేవీ లేవు. పక్కింటివాళ్ళతో గొడవెందుకు అన్నదొక్కటే ఉంది. ఫోన్ చెయ్యడానికీ ఏమీ చెయ్యకపోవడానికీ మధ్య చాలా ఉంది. ఎట్టా వీలర్‌లా ఒక వంక పెట్టుకుని తలుపు కొట్టడం ఉంది. పిల్లాణ్ణి పేరు పెట్టి పలకరించడం ఉంది. ‘అడగొద్దు’ అన్నవాణ్ణి అడగకుండానే దగ్గరుండటం ఉంది.

నా సంగతి చెప్పకుండా ఇదంతా రాయడం బాగుండదు.

జెర్సీ సిటీలో నేనుండే బిల్డింగ్ పాతది, చెక్క నేలలు. పైవాళ్ళు కుర్చీ జరిపినా కింద తెలిసేది. పై వాటాలో తల్లీ తండ్రీ ఎనిమిదేళ్ళ పిల్లాడూ ఉండేవారు. వారానికి రెండు మూడు రాత్రులు ఏదో పడిన చప్పుడు, పెద్ద గొంతు, తర్వాత పరుగు, తర్వాత ఏమీ ఉండేది కాదు. ఆ ‘ఏమీ లేకపోవడం’ నాకు హాయిగా ఉండేది, మళ్ళీ నిద్ర పట్టేది కాబట్టి. ఇప్పుడు తలుచుకుంటే ఆ నిశ్శబ్దమే భయమేస్తుంది. న్యూయార్క్ చట్టంలో తప్పనిసరిగా రిపోర్టు చెయ్యాల్సింది డాక్టర్లూ టీచర్లూ పోలీసుల్లాంటి వాళ్ళు. నది దాటి న్యూజెర్సీకి వస్తే అలా కాదు. పిల్లల మీద హింస జరుగుతోందని నమ్మడానికి తగిన కారణం ఉంటే ఎవరైనా సరే చెప్పాల్సిందే. అంటే నేను కూడా. ఆ సంగతి ఇల్లు ఖాళీ చేసి వేరే రాష్ట్రానికి వెళ్ళాక చదివాను.

రైలు ఆగిపోయి, ఫోన్లో ఆ పాట మాటలు చదివిన సాయంత్రం అన్నాను కదా. ఆ తర్వాతి శనివారమే అనుకుంటా, రెండు చేతులా సరుకుల సంచులతో వస్తుంటే పిల్లాడు వీధి గుమ్మంలో కనిపించాడు. ఎడమ కంటి కింద వాచి ఉంది. నేనింకా ఏమీ అనలేదు. చూశానంతే. సైకిల్ మీంచి పడ్డానని వాడే చెప్పాడు. వాడికి సైకిల్ లేదని నాకు తెలుసు, సైకిళ్ళన్నీ నా కిటికీ కిందే పెడతారు. పాట మొత్తం కళ్ళ ముందు ఆడింది. మూడు రోజులుగా దాని గురించే ఆలోచిస్తున్నాను, లైను లైనుకీ అర్థాలు తీస్తున్నాను. నా నోట్లోంచి వచ్చింది మాత్రం ‘బీ కేర్‌ఫుల్’ అని.

‘ఓకే’ అన్నాడు. నా చేతుల్లో సంచులు చూసి, నేను లోపలికి వెళ్ళేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాడు.